ఊరకరాయికి ముప్పై అయిదు మార్కులు

పెదరేవు సముద్రంలో వింత రాళ్లకు ఏనాడూ కొదవ లేదు. కొదవల్లా వాటికో ఆఫీసు లేకపోవడమే. ఆ కొరత కూడా మొన్న వేసవిలో తీరిపోయింది. తీరప్రాంత వింతల అభివృద్ధి మండలి అని ఒకటి పుట్టి, రేవు పక్కన పాత ఉప్పు గిడ్డంగికి బోర్డు కట్టుకుని, పుట్టిన వారంలోనే ఒక ఉత్తర్వు జారీ చేసింది.

ఉత్తర్వు సారాంశం చిన్నదే. ఇన్నాళ్లూ జనం ఈ రాళ్లను చూసి ఊరికే ఆశ్చర్యపోతున్నారు. ఎవరు ఎంత ఆశ్చర్యపోయారో లెక్కా డొక్కా లేదు. విలువైన ఆశ్చర్యం ఇలా గాలిలో కలిసిపోవడం మండలికి సమ్మతం కాదు. కాబట్టి ఇకమీదట వింతలు చూడబోయే ప్రతి బోటులోనూ ఒక ఆశ్చర్య పర్యవేక్షకుడు కూర్చుంటాడు. ఒక్కో రాయి దగ్గరా ప్రయాణికుల ముఖాలు చూసి మార్కులు వేస్తాడు. కనుబొమలు పైకి లేచినదానికి ముప్పై, నోరు తెరుచుకున్నదానికి ముప్పై, లోపలినుంచి వచ్చిన శబ్దానికి నలభై. ముప్పై అయిదు రాని రాయి వింత కాదు. వింత కాని రాయి ఉత్త రాయి. ఉత్త రాయి సముద్రంలో పనీపాటా లేకుండా కూర్చోవడం దండగ కనుక, దాన్ని పగలగొట్టి కొత్త రేవుగట్టుకు వాడేస్తారు.

ఊళ్లో ఎవరూ కిమ్మనలేదు. పరీక్ష పెడతామంటే వద్దనడం మనవాళ్లకు చేతకాదు. తమ పిల్లలకు పెట్టినప్పుడే అనలేదు, రాళ్లకు పెడితే ఎవరంటారు?

పైగా నందిబండ సంగతి ఎవరికీ బెంగ లేదు. మోకాళ్లు మడిచి కూర్చున్న ఎద్దులా ఉంటుంది, ఎంత మొండివాడైనా ఒక్క 'అబ్బ' అనక మానడు. నడుమ పెద్ద కన్నం ఉన్న సూదిబెజ్జం ఉంది, కన్నంలోంచి బోటు దూరిపోతుంది. అలిగినట్టు ముందుకు పొడుచుకొచ్చిన అత్తమూతి ఉంది, అది చూసి కొత్త కోడళ్లు నోరు నొక్కుకుంటారు. వచ్చిన చిక్కల్లా ఊరకరాయితోనే. అది దేనిలాగా ఉండదు. నల్లగా, బల్లపరుపుగా, నలుగురు కూర్చునేటంత మేర నీటిపైకి తేలి ఉంటుంది. తాతల నాడు ఎవరో దాన్ని చూపించి 'అదేటి' అని అడిగితే 'ఊరకే రాయి' అన్నారట. ఆ పేరే నిలిచిపోయింది. దాని దగ్గర ఏ బోటూ ఆగదు. ఆగని చోట మార్కులెక్కడివి? నెలాఖరుకల్లా ఒక్క బోటైనా దాని దగ్గర ఆగి ఆశ్చర్యపోకపోతే గునపాలు దిగుతాయని మండలి తలుపు మీద కాగితం అంటించారు.

ఆ కాగితం చదివిన రోజు జోగారావుకు అన్నం సయించలేదు.

జోగారావు ముఖం గురించి ముందే చెప్పాలి. అతను ముప్పై ఏళ్లు బస్‌స్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చున్నాడు. బస్సు ఎప్పుడొస్తుందని అడిగినవాళ్లు, ఎందుకు రాలేదని తిట్టినవాళ్లు, ఏడ్చినవాళ్లు, కిటికీలోంచి చెయ్యి పెట్టి చొక్కా పట్టుకున్నవాళ్లు, అందరికీ ఒకే ముఖంతో 'తెలీదు' అని చెప్పి రిటైరయ్యాడు. ఆ ముఖం ఉద్యోగంలో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చిందే. పెళ్లి ఫోటోలో అతన్ని చూసి ఎవరి దినమని అడిగినవాళ్లున్నారు.

అలాంటివాడు నాటకాల సమాజంలో చేరడం దేవుడి పరాచికం. పెదరేవు నాటక సమాజంలో ముగ్గురే ముఖ్యులు. కృష్ణుడి వేషం కట్టే పద్యాల సూర్రావు, అప్పట్లో ఆడవేషాలు కట్టి ఇప్పుడు బట్టల కొట్టు నడిపే మరిడయ్య, మూడోవాడు జోగారావు. జోగారావుది ద్వారపాలకుడి వేషం. శవం కావలసి వస్తే శవం. ఒక్కసారి, చాలా ఏళ్ల కిందట, రాజు వేషగాడికి జ్వరమొచ్చి జోగారావుకి కిరీటం పెట్టారు. కొడుకు చనిపోయిన రాజు దుఃఖం అతను గొంతునిండా పలికాడు. ముఖం మాత్రం బస్సుల టైమ్‌టేబుల్లా ఉండిపోయింది. జనం పడీపడీ నవ్వారు. తెర దించేశాక కూడా నవ్వుతూనే ఉన్నారు. మర్నాటినుంచి మళ్లీ ఈటె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆ తరవాతి సంగతి ఎవరికీ తెలియదు. ఆదివారం పొద్దున్నే జోగారావు గాలం తీసుకుని తెప్ప మీద పోతే చేపలకని అందరూ అనుకునేవారు. చేపలెప్పుడూ తేలేదు. ఊరకరాయి ఎక్కి, గుమ్మం దగ్గర నిలబడి విని విని కంఠతా వచ్చిన వేషాలన్నీ, రాజూ రాణీ మంత్రీ, ఒక్కడే వేసుకునేవాడు. ఎంత ఏడుపు వేషం వేసినా నవ్వనిది ఈ లోకంలో ఆ రాయి ఒక్కటే. ఇప్పుడు దాన్నే గునపాలతో పొడుస్తామంటున్నారు.

మరిడయ్య కొట్టుకు వెళ్లి, కారణం చెప్పకుండా, "ఊరకరాయిని కాపాడాలి" అన్నాడు.

"దానికేటైంది గురూ! అందరం చిన్నప్పుడు దాని దాకా ఈది ఈదే కదా ఈత నేర్చుకున్నాం. పోనిస్తామేటి?" అన్నాడు మరిడయ్య. "ఓ బోటు కట్టించుకుని షికారుకెళ్దాం. నేనూ సూర్రావూ ఉండగా ఆశ్చర్యానికి కరువా? నీతోనే వచ్చింది చిక్కు."

చిక్కే మరి. బోటులో ఉన్నవాళ్ల మార్కులన్నీ కలిపి సగటు తీస్తారు. అందుకని నాలుగు రోజులు కొట్టులో నిలువుటద్దం ముందు జోగారావుకు తర్ఫీదు జరిగింది. సూర్రావు కనుబొమలు ఎగరేసి చూపించాడు. మరిడయ్య చెంపన చెయ్యి వేసి, "అయ్యో రామ!" అని చూపించాడు. చివరికి వెనకనుంచి వచ్చి చెవిలో డప్పు కొట్టారు. జోగారావు తిరిగి చూసి, "ఎందుకు కొట్టారు?" అని అడిగాడు. చీరలు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు మాత్రం హడలిపోయి బయటికి పరుగెత్తారు.

ఆదివారం పొద్దున్న బోటు బయల్దేరింది. పులిహోర, చేగోడీలు, వంజరం చేప వేపుడు, ఫ్లాస్కునిండా టీ, ఒక పేకదస్తా ఎక్కించారు. బోటు ఎర్రయ్యది. అతను ఈ ముగ్గురి నాటకాలూ చిన్నప్పటినుంచి చూసి చెడిపోయినవాడే. అందరికన్నా ఆఖరున ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, మెడలో దర్జీ టేపుతో పర్యవేక్షకుడు దక్షిణామూర్తి ఎక్కాడు.

"ఇటు కూకోండి బాబూ, ఇటైతే కొండా అదీ బాగా అగుపడతాది," అన్నాడు ఎర్రయ్య.

"అవసరం లేదు," అన్నాడు దక్షిణామూర్తి. "మా విధి ముఖములను పరిశీలించుట. వింతలకు వీపు పెట్టి కూర్చోవలెనని నిబంధన."

"అంటే తమరు ఇంతవరకూ ఒక్క రాయీ చూడనేదా?"

"చూసినచో పక్షపాతం ఏర్పడే ప్రమాదం కలదు."

సముద్రం ఆ పూట పళ్లెంలో నీళ్లలా ఉంది. గాలి చల్లగా తగులుతోంది. సూర్రావు అప్పుడే రాగం మొదలుపెట్టాడు. దక్షిణామూర్తి చెయ్యెత్తి, వింత రాకముందే శబ్దం చేస్తే అది మార్కులకు రాదని ఆపించాడు. చేగోడీలు పెడితే, నోరు తెరవడంలో గందరగోళం వస్తుందని అవీ దాయించాడు. షికారు సగం దాకా అందరూ బిగబట్టుకుని, పరీక్ష హాలు బయట పిల్లల్లా కూర్చున్నారు.

నందిబండ వచ్చింది. దక్షిణామూర్తి దానికి వీపు తిప్పి కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ప్రయాణికులు సదరు శిలను వీక్షించి తమ తమ ఆశ్చర్యములను వెలిబుచ్చవలసిందిగా కోరడమైనది."

సూర్రావు కనుబొమలు జుట్టులోకి వెళ్లాయి. మరిడయ్య, "అమ్మో, ఎంత నందో!" అని గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. దక్షిణామూర్తి టేపు తీసి ఒకరి కనుబొమా మరొకరి నోరూ కొలిచాడు. ఆ కొలత చూస్తే ఎర్రయ్యకు ఊరుకోవాలనిపించలేదు.

"బాబూ, జాకెట్టు కుడతారేటి మరిడయ్యగోరికి?"

మరిడయ్య పకపకా నవ్వేశాడు. "నవ్వు ఆశ్చర్యమునకు విరుద్ధం. పది మార్కులు కోత," అన్నాడు దక్షిణామూర్తి. తరవాత జోగారావు ఎదట వంగి చాలాసేపు చూశాడు. టేపు పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"ఏమండీ, తమరు చూస్తున్నారా?"

"చూస్తున్నాను."

"మరి ఆశ్చర్యం కలగలేదా?"

"లోపల కలిగిందండి."

"లోపలి ఆశ్చర్యమునకు టేపు అందదు," అన్నాడు దక్షిణామూర్తి బాధగా. సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి వెతికాడు. "దొరికింది. ఏ విధమైన కదలికా లేని ముఖం కలవారిని ప్రయాణికులుగా గాక సామానుగా పరిగణించవలెను. సామానుకు మార్కులు లేవు, సగటులో లెక్క లేదు. తమరు దయచేసి ఆ టిఫిన్ క్యారియర్ల పక్కన కూర్చోండి."

జోగారావు లేచి పులిహోర పక్కన కూర్చున్నాడు. మనసు చివుక్కుమంది కానీ ముఖంలో తెలియలేదు. సూర్రావుకూ మరిడయ్యకూ మాత్రం పెద్ద బరువు దిగింది. ఇంక ఇతనివల్ల సగటు పడిపోదు.

"దేవుడు మన పక్షాన ఉన్నాడురా," అన్నాడు సూర్రావు చెవిలో. "ఊరకరాయి దగ్గర చూడు, మనిద్దరం నూటికి నూరు కొట్టేస్తాం. రాయికి ఢోకా లేదు."

ఆ ధీమా సూదిబెజ్జం దాకా నిలిచింది. నెల్లాళ్లుగా ఎర్రయ్య బోటు కూడా ఇటు రాలేదు. సూదిబెజ్జం ఉండవలసిన చోట సూదిబెజ్జం లేదు. నీళ్లున్నాయి. నీళ్లలో ఒక పీపా తేలుతోంది. దాని మీద బోర్డు: 'ఇచ్చట సూదిబెజ్జం ఉండెడిది. ఇచ్చట ఆశ్చర్యపడుట నిషేధం.'

"ఏదండీ!" అన్నాడు మరిడయ్య, ఈసారి నిజంగానే నోరు తెరిచి.

"బోర్డు చూడలేదా? నోరు ముయ్యండి," అన్నాడు దక్షిణామూర్తి. "సదరు వింతకు గత మాసంలో ఎనభై ఒక్క మార్కులు వచ్చినవి. డెబ్బై అయిదు దాటిన వాటిని విశిష్ట వింతలుగా ప్రకటించి, కోసి, జిల్లా కేంద్రంలోని వింతల వనానికి తరలించుట జరుగుతుంది. ప్రజలు అంత గొప్ప వింత కోసం బోటెక్కి ఇంత దూరం రావడం ఎంత అన్యాయం! అత్తమూతి కూడా అక్కడికే చేరినది. నందిబండకు రంపాలు వచ్చే వారం."

ఎర్రయ్య పీపా చుట్టూ బోటు ఒక చుట్టు తిప్పాడు.

"అంటే బాబూ," అన్నాడు ఎర్రయ్య నెమ్మదిగా, "పరీచ్చ తప్పితే పగలగొడతారు, పస్టుకొస్తే కోసుకుపోతారు. మరింక సముద్రంలో ఉండాలంటే ఏటి సెయ్యాలి?"

"మూడో తరగతిలో ఉత్తీర్ణత పొందవలెను," అన్నాడు దక్షిణామూర్తి. "ముప్పై అయిదుకు తగ్గక, డెబ్బై అయిదు దాటక ఉన్నవి యథాస్థానంలో ఉండును. వాటి గురించి ఎవరికీ ఏ ఆక్షేపణా ఉండదు."

మన ఊళ్లల్లో మనుషుల సంగతీ ఇంతేనని జోగారావుకు తోచింది కానీ, సామాను మాట్లాడకూడదేమోనని ఊరుకున్నాడు.

ఆ తరవాత టిఫిన్ క్యారియర్ల వెనక ముగ్గురూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడారు. ఊరకరాయిని కోసి జిల్లా కేంద్రంలో పెడితే అది ఊరకరాయే కాదు. అందుకని ఏదో కొంచెం ఆశ్చర్యపోవాలి. కనుబొమ సగం లేపాలి. నోరు తమలపాకు వేసుకునేటంత తెరవాలి. శబ్దం ఒక చిన్న 'ఓహో'తో సరి.

"సూర్రావూ, నీ మీదే నాకు భయం," అన్నాడు జోగారావు. "రాగం తియ్యకు."

"నన్ను తక్కువంచనా వెయ్యకురా. నటుడికి నిగ్రహం ముఖ్యం. ఒక్క ఓహో. అంతే. మా నాన్న మీదొట్టు."

ఊరకరాయి వచ్చింది. చుట్టూ నీళ్లు తళతళలాడుతున్నాయి. రాయి మీద రెండు నీటికాకులు రెక్కలారబెట్టుకుంటున్నాయి. బోటు దగ్గరికి రాగానే అవి లేచి ఎగిరిపోయాయి. జోగారావు దాన్ని చూసి చేతులు ముడుచుకున్నాడు. సూర్రావు కూడా చూశాడు. చిన్నప్పుడు తను మొట్టమొదట పద్యం ఎత్తుకున్నది దాని మీద నిలబడే. కనుబొమ సగం లేపాడు. నోరు తమలపాకంత తెరిచాడు. "ఓహో" అన్నాడు.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. కానీ పద్యాల సూర్రావు నోట 'ఓహో' వచ్చిందంటే దాని వెనక రాగం రాక తప్పదు, బండి వెనక దుమ్ము లేవక తప్పనట్టు. 'హో' పట్టుకుని పైకి పోయాడు. అక్కడ ఒక మెలిక తిప్పాడు. కిందికి దిగి ఊపిరి తీసుకోకుండా మళ్లీ ఎక్కాడు. పద్యం ఏ నాటకంలోదో, అప్పుడు కట్టిందో చెప్పలేం. సూర్రావు రాగం ముందు మాటలు ఎవరికీ వినబడవు. పక్కన రాగం నడుస్తుంటే మరిడయ్య మాత్రం ఎలా ఊరుకుంటాడు? పాత ఆడవేషం ఒంటిమీదికి వచ్చి, లేని పైట సర్దుకుని, రాయిని చూసి కళ్లు చక్రాల్లా తిప్పాడు. ఎర్రయ్య ఇంజను ఆపేశాడు.

పద్యం ముగిసేసరికి, "వన్స్‌మోర్!" అని కేక వినబడింది. కేకేసింది దక్షిణామూర్తి. ఆయన మేనమామ హార్మోనిస్టు అని తరవాత తెలిసింది.

వన్స్‌మోర్ అంటే కాదనడం సూర్రావు వంశంలోనే లేదు. తండ్రి మీద ఒట్టు తండ్రితోనే పోయింది. రెండోసారి ఇంకా పొడుగ్గా పాడాడు.

"అద్భుతం! తొంభై ఏడు," అన్నాడు దక్షిణామూర్తి కళ్లు తుడుచుకుంటూ. "ఈ తీరంలో ఇంతవరకు ఏ శిలకూ రాలేదు. రేపే రంపాలు పంపిస్తాను."

సూర్రావు ముఖం పాలిపోయింది. "బాబూ, అది రాయిని చూసి కాదు, ఊరికే పాడేను. మా జోగారావు మార్కులు కూడా కలపండి. సున్నా కలిపితే సగటు దిగుతాది కదా?"

"సామానుకు సగటులో స్థానం లేదని ముందే సెలవిచ్చాను." దక్షిణామూర్తి కలం మూత తీశాడు.

జోగారావు లేచాడు. అతని బుర్రలో ఒక్కటే మెదులుతోంది. నవ్వితే పది మార్కులు కోత. ఇద్దరూ నాలుగేసి సార్లు నవ్వితే చాలు, తొంభై ఏడు కాస్తా డెబ్బై అయిదు కిందికి దిగుతుంది. మనుషుల్ని నవ్వించడం తనకు తెలుసు. తెలిసిన దారి ఒక్కటే, అది తలుచుకుంటే ఇన్నేళ్ల తరవాత కూడా చెవులు వేడెక్కుతాయి. అయినా పంచె ఎగ్గట్టి, బోటు అంచు మీదినుంచి ఊరకరాయి మీదికి అడుగు వేశాడు.

"ఒరే, పడతావురా!" అన్నాడు మరిడయ్య.

జోగారావు రాయి నడిమధ్య నిలబడి అదే రాజు వేషం ఎత్తుకున్నాడు.

"ఎవరక్కడ! దీపాలు ఆర్పకండి. నా కొడుకు చీకట్లో దారి తప్పుతాడు. వాడు రాడని మీకు తెలుసు, నాకూ తెలుసు. దీపానికి తెలియదు కదా, దాన్ని వెలగనివ్వండి!"

గొంతు నీళ్ల మీద పడి దూరం పోయింది. ముఖంలో ఒక్క గీత కదలలేదు. జోగారావు నవ్వు కోసం ఎదురు చూశాడు. రాలేదు. ఇంకా గట్టిగా చదివాడు. రాణి మాటలు చదివాడు, మంత్రి ఓదార్పు చదివాడు, ఆఖరికి తన ద్వారపాలకుడి మాట, 'ప్రభూ, గాలికి తలుపు కొట్టుకుంది, ఎవరూ రాలేదు' అన్నదీ చదివి ఆగాడు. ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం ఈ రాయి మీద పదును పెట్టిన గొంతు అది. ఆ కదలని ముఖంలోంచి అంత దుఃఖం వస్తుంటే చూసేవాళ్లకు ఒళ్లు గగుర్పొడిచింది.

ఎర్రయ్య చెయ్యి చుక్కాని మీదే ఉండిపోయింది. మరిడయ్య ఏ వేషమూ వెయ్యకుండా ఏడుస్తున్నాడు. సూర్రావు నోరు తెరిచిన తెరవడం ఎంత వరకూ వెళ్లిందంటే, పై కట్టుడు పళ్లు జారి దక్షిణామూర్తి ఒళ్లో పడ్డాయి.

దక్షిణామూర్తి వాటిని పక్కన పెట్టి, వృత్తి ధర్మం తప్పకుండా టేపు తీసి కొలిచాడు. మూడుసార్లు కొలిచాడు.

"నూటికి నూరు," అన్నాడు టేపు చుట్టుకుంటూ. "అయితే ఒక సందేహం. ఒకే స్థలమున రెండు వింతలు తటస్థించిన పక్షంలో, మొదటిదానికి ఉత్తీర్ణతకు కావలసిన ముప్పై అయిదు మాత్రం ఉంచి, తక్కినదంతా రెండోదాని ఖాతాకు మళ్లించవలెనని ఉన్నది. కనుక చెప్పండి. వీరి ఆశ్చర్యం ఆ రాయిని చూసి కలిగినదా, మిమ్మల్ని చూసి కలిగినదా?"

జోగారావుకు ప్రశ్న అర్థమైంది. రాయిని చూసి అంటే రాయి వనానికి పోతుంది. తనను చూసి అంటే తను పోతాడు. ముప్పై ఏళ్లు కిటికీ వెనక అలవాటైన జవాబు నాలిక చివరికి వచ్చింది. దాన్ని మింగేసి, కాళ్ల కింద రాయి వెచ్చగా తగులుతుంటే, స్పష్టంగా చెప్పాడు.

"నన్ను చూసే బాబూ."

ఆ వారంలోనే వచ్చి తీసుకుపోయారు. కొయ్యడం అవసరం లేదు గనుక జీపులోనే ఎక్కించారు. వింతల వనంలో సూదిబెజ్జానికీ అత్తమూతికీ మధ్య ఒక అరుగు కట్టి, దాని మీద కుర్చీ వేసి, పది గంటలనుంచి అయిదింటి వరకు జోగారావుని కూర్చోబెట్టారు. సూదిబెజ్జం కన్నంలోంచి తోటమాలి మొక్కలకు నీళ్ల గొట్టం దూర్చుకున్నాడు. అత్తమూతి మీద ఎవరో తువ్వాలు ఆరేశారు.

మొదటి వారం జనం విరగబడి వచ్చారు. జోగారావు రాజు వేషం చదివితే నోళ్లు తెరిచారు. రెండో నెలకి, 'ఓ, ఆయనే కదా' అన్నారు. మూడో నెలకి అరుగు దగ్గరికి వచ్చి, మరుగుదొడ్లు ఎటు, బస్టాపు ఎటు అని అడగడం మొదలుపెట్టారు. జోగారావు తెలీదని చెప్పేవాడు. సూర్రావూ మరిడయ్యా వారం వారం పులిహోర పట్టుకొచ్చి, గేటు దగ్గర టికెట్టు కొనుక్కుని, అతన్ని చూసి వెళ్లేవారు.

"పారిపోయొచ్చేయరా బాబూ, ఈ అవమానం ఎన్నాళ్లు?" అని ఒకరోజు మరిడయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"వస్తే ఆ మార్కులు మళ్లీ రాయి ఖాతాకే పోతాయట. అడిగాను," అన్నాడు జోగారావు. "ఉండనీ. అది అక్కడ ఉంది కదా."

నాలుగో నెలలో దక్షిణామూర్తి టేపుతో పునఃపరిశీలనకు వచ్చాడు. అరుగు ముందు ఉన్నవాళ్లు ముగ్గురు. ఒకడు నిద్రపోతున్నాడు, ఇద్దరు భేల్‌పూరీ తింటున్నారు. తినడానికి తెరిచిన నోటికి మార్కులు రావు. జోగారావుకు వచ్చినవి ఇరవై రెండు.

దక్షిణామూర్తికి ఎంతో కష్టం వేసింది కానీ, నిబంధన నిబంధనే. ముప్పై అయిదుకు తగ్గిన వింతను పగలగొట్టి రేవుగట్టుకు వినియోగించవలెను. ఉత్తర్వు తయారైంది. పగలగొట్టే విషయం వచ్చేసరికి పైఅధికారి కలం ఆగింది. ఎవరి మీదా మాట రాకుండా చివర ఇలా రాశాడు: 'సదరు వింత ప్రాణం గలదై ఉన్నందున, పగలగొట్టుట గురించి ఆరోగ్యశాఖ వారి అభిప్రాయం కోరడమైనది. అభిప్రాయం అందేవరకు సదరు వింతను రేవుగట్టు పని జరుగు చోట, తడవకుండా, భద్రపరచవలెను.'

రేవుగట్టు పని ఇంకా కాగితాల మీదే ఉంది. కాగితాల ప్రకారం అది జరిగే చోట నీళ్లలో తడవకుండా ఉన్న జాగా ఒక్కటే, ఊరకరాయి. రోజూ పొద్దున్న మండలి ఖర్చుతో ఎర్రయ్య బోటు కట్టి జోగారావుని అక్కడ దింపాలి, సాయంత్రం తీసుకురావాలి. ఆరోగ్యశాఖ సంగతి తెలిసినవాళ్లంతా జోగారావుకి ఇంక ఈ జన్మకు ఢోకా లేదన్నారు.

మొదటి రోజు ఎర్రయ్య అతన్ని దింపి, మధ్యాహ్నానికి క్యారియరు అందించి, "సాయంత్రం వత్తాను బాబూ," అని బోటు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇంజను చప్పుడు సన్నగిల్లింది. జోగారావు ఊరకరాయి మీద నిలబడి, కండువా సర్దుకుని, 'ఎవరక్కడ' అనబోయాడు. అంతలో ఉత్తర్వులో తన గురించి రాసిన మాట గుర్తొచ్చింది. ప్రాణం గలదై ఉన్నందున. పెదవి కొసన ఏదో లాగినట్టయింది. చేత్తో తడుముకుని చూశాడు. అది ఆగలేదు, చెంపల్లోకి పాకింది, కళ్లల్లోకి ఎక్కింది, కనుబొమల్ని పైకి లేపింది, నోరు బార్లా తెరిపించింది. పొట్ట పట్టుకుని, రాయి మీద కూలబడి, కళ్లనీళ్లు కారేదాకా జోగారావు నవ్వాడు.

కొలవడానికి అక్కడ ఎవరూ లేరు.